నివసించినవానిదే నేల

అమెరికా సంయుక్త రాష్ట్రాల నడుమ నెబ్రాస్కా అనే రాష్ట్రం ఉన్నది. ఆ రాష్ట్రానికి భౌగోళికంగా మధ్యబిందువు అనదగిన చోటు కస్టర్ కౌంటీలో ఉన్నది. కౌంటీ అంటే రమారమి మన జిల్లా వంటిది. వైశాల్యం 2,576 చదరపు మైళ్ళు; మన గోవా రాష్ట్రంకంటే ఒకటిన్నర రెట్లకు పైబడిన ప్రదేశం. 2020 జనాభా లెక్కల ప్రకారం అందులో ఉన్నవారు 10,545 మంది. మన గోదావరి మండలాలలో ఒక పెద్ద పంచాయతీలో ఇంతమంది ఉంటారు. చదరపు మైలుకు నలుగురు మనుషులన్నమాట.

ఎప్పుడూ ఇట్లాగే ఉన్నదా అంటే, లేదు. 1920 లెక్కలలో ఇదే కౌంటీలో 26,407 మంది ఉన్నారు. నూరేళ్ళు తిరిగేసరికి నూటికి అరవై మంది తగ్గారు. ఈ నూరేళ్ళలో అక్కడికి శత్రుసైన్యం రాలేదు. నది పొంగి ఊళ్ళను ముంచివేయలేదు. నేల చవుడుబారిపోలేదు, ఎకరానికి పండే మొక్కజొన్న నాటికంటే నేడు ఎన్నో రెట్లు ఎక్కువ. పంట పెరిగి, మనిషి తరగిపోయిన చోటు అది. అక్కడికి జనం ఏ విధంగా వచ్చారు, ఎటువంటి ఇళ్ళలో కాపురాలు చేశారు, ఆ ఇళ్ళు ఏమైనవి అనే సంగతులు కొంత వివరంగా చెప్పుకోదగినవి.

మన పల్లె అనగానే మనస్సుకు తట్టే రూపం ఒకటి ఉన్నది. ఇళ్ళన్నీ ఒకచోట గుంపుగా ఉంటవి. నడుమ రచ్చబండ, గుడి, చెరువుగట్టు. చుట్టూ పొలాలు. రైతు ఊళ్ళో నిద్రలేచి పొలానికి పోయి, పొద్దుగూకేవేళకు తిరిగి ఊరు చేరుతాడు. కస్టర్ కౌంటీలో ఈ అమరిక కానరాదు. అక్కడ పొలం మధ్యనే ఇల్లు. పొరుగిల్లు కనుచూపు మేరలో ఉంటే ఉండవచ్చు, లేకపోతే లేదు. ఈ తేడాకు కారణం ఆ జనుల స్వభావం కాదు, వాతావరణమూ కాదు. రెండు శాసనాలు.

మొదటిది 1785 నాటిది. పశ్చిమాన తనకు చెందుతుందనుకొన్న భూమినంతటినీ చదరంగపు బల్లవలె చతురస్రాలుగా కొలిపించాలని ఆ కొత్త దేశం నిర్ణయించుకొన్నది. కొండ వచ్చినా, వాగు వచ్చినా గీత మాత్రం తిన్నగా పోవలసినదే. ఒక్కొక్క చదరపు మైలును ఒక సెక్షను అన్నారు. అందులో 640 ఎకరాలు. దానిని నాలుగు చేస్తే 160 ఎకరాలు. అటు అరమైలు, ఇటు అరమైలు.

రెండవది 1862 మే 20వ తేదీన అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ శాసనం. 1863 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. ఇరవైయొక్క ఏండ్లు నిండినవాడు గాని, కుటుంబానికి పెద్ద అయినవాడు గాని, దేశపౌరుడై ఉంటే లేదా పౌరుడు కాదలచుకొన్నానని ప్రకటిస్తే, ప్రభుత్వ భూమిలో 160 ఎకరాలు కోరుకోవచ్చును. రుసుములన్నీ కలిపి 18 డాలర్లు. అయితే షరతు ఒకటి ఉన్నది. అయిదేండ్లపాటు ఆ భూమిమీదనే నివసించాలి, సాగుచేయాలి. పొరుగూళ్ళో కాపురం పెట్టి అప్పుడప్పుడు వచ్చి దున్నిపోతానంటే కుదరదు. పట్టా పుచ్చుకోవాలంటే ఇల్లు ఆ 160 ఎకరాలలోనే లేవాలి. ఈ షరతు పెట్టినవారి ఉద్దేశం మంచిదే. భూమి వ్యాపారులపాలు గాకుండా నిజమైన సేద్యగాని చేతిలో పడాలని వారి కోరిక. కాని దాని ఫలితంగా ఆ మైదానంలో మనం ఎరిగిన పల్లె అనేది పుట్టకుండా పోయినది. ఊరు పుట్టవలసిన చోట, అరమైలు అరమైలు ఎడంగా, ఒంటరి ఇళ్ళు పుట్టినవి.

ఈ శాసనంలో ‘ప్రభుత్వ భూమి’ అనే మాట ఉన్నది. ఆ మాట వద్ద ఒక నిమిషం ఆగటం న్యాయం. లూప్ నది పాయలు పారే ఆ ప్రదేశం పానీ జాతివారు తరతరాలుగా ఎరిగినది. వారి పెద్ద గ్రామాలు తూర్పున, నది దిగువన ఉండేవి. మ్రానులు నిలిపి, పైన గడ్డి పరచి, దానిపై మట్టి కప్పిన గుండ్రని విశాలమైన గృహాలు వారివి. ఒక్కొక్క దానిలో అనేక కుటుంబాలు ఉండేవి. వేసవిలోను, చలికాలంలోను అడవిదున్నల వేటకై పడమటికి వెళ్ళేవారు. ఒప్పందం వెనుక ఒప్పందంగా వారి నేల కరిగిపోయినది. రోగాలు, శత్రువులైన సూ జాతివారి దాడులు వారిని క్రుంగదీసినవి. 1870 తరువాతి కొద్ది సంవత్సరాలలో వారు నెబ్రాస్కా విడిచి, నేడు ఓక్లహోమా అనబడే ప్రాంతానికి తరలిపోవలసి వచ్చినది. కస్టర్ కౌంటీ ఏర్పడినది 1877లో. ఆదిమవాసులతో యుద్ధంలో 1876లో మరణించిన సేనాని కస్టర్ పేరు దానికి పెట్టారు. కౌంటీ ముఖ్యపట్టణానికి మాత్రం బ్రోకెన్ బో, అనగా విరిగిన విల్లు, అని పేరు. తపాలా కార్యాలయానికి పంపిన పేర్లు తిరస్కరింపబడగా, అక్కడి కమ్మరి ఒకడు తాను నేలమీద చూచిన విరిగిన విల్లును తలచుకొని ఈ పేరు సూచించాడట. సేనాని పేరు ఒకటి, విరిగిన విల్లు పేరు ఒకటి. ఎవరూ యోచించి పెట్టకపోయినా రెండూ పక్కపక్కనే నిలిచినవి.

సేద్యగాండ్రకు ముందు పశువుల మందల యజమానులు వచ్చారు. కంచె లేని గడ్డిభూమి వారికి స్వర్గం. దానిలో 160 ఎకరాల రైతు వచ్చి పైరు వేస్తే తగవు రాక తప్పదు. 1878లో టెక్సాస్ నుండి వచ్చిన ప్రింట్ ఆలివ్ అనే పెద్ద మందల యజమాని మనుషులకు, మిచెల్, కెచమ్ అనే ఇద్దరు సేద్యగాండ్రకు మధ్య ఘర్షణ జరిగి, ఆలివ్ తమ్ముడు కాల్పులలో మరణించాడు. ఆ ఇద్దరు సేద్యగాండ్రను న్యాయస్థానానికి చేరనీయక ఉరితీశారు, శవాలు తగులబడినవి. ఆలివ్‌కు యావజ్జీవ శిక్ష పడినది గాని రెండేండ్లు తిరుగకుండానే బయటపడ్డాడు. శిక్ష నిలువకపోయినా మందల యజమానుల ఏలుబడి మాత్రం అంతటితో సడలినది. దారి సేద్యగానిదయినది.

ఆ దారిన వచ్చిన జనం ఎంత? 1880లో కౌంటీ జనాభా 2,211. పదేండ్ల తరువాత, 1890లో 21,677. ఇంచుమించు పదింతలు. 1886లో రైలుమార్గం బ్రోకెన్ బో చేరినది. తూర్పు రాష్ట్రాలనుండి వచ్చినవారు, జర్మనులు, చెకులు, డేనులు, బెల్జియం వారు, దక్షిణాది బానిసత్వం నుండి విముక్తులైన నీగ్రో కుటుంబాలవారు, ఇట్లా వచ్చి చేరారు. ఆనాటి వాడుకలో ఉన్న ఆ పేరు ఈనాడు గౌరవప్రదం కాదు గనుక ఇకమీదట నల్లజాతివారు అనే అంటాను.

వచ్చినవారికి మొదటి చిక్కు ఇల్లు. ఇల్లు లేనిదే పట్టా లేదు. ఇల్లు కట్టటానికి అక్కడ చెట్టు లేదు. లోయలలో కొద్దిగా దేవదారు జాతి మ్రానులు తప్ప, ఎటు చూచినా గడ్డి. రాయి లేదు. కొయ్యపలకలు కొందామంటే చేతిలో డబ్బు లేదు. మిగిలినది కాలికింద నేల. ఆ నేలతోనే కట్టుకొన్నారు.

ఆ గడ్డిమైదానం ఏనాడూ నాగలి ఎరుగనిది. ఎన్నో వేల సంవత్సరాల గడ్డివేళ్ళు ఒకదానితో ఒకటి పెనవేసుకొని, పైపొర ఒక దళసరి కంబళివలె ఉండేది. దానిని తునగకుండా, చుట్టచుట్టుకొనిపోకుండా పట్టెడగా కోయటానికి ప్రత్యేకమైన నాగలి ఒకటి ఉండేది. దానికి వారు పెట్టిన పేరు మిడత నాగలి. అడుగు వెడల్పు, మూడు నాలుగు అంగుళాల మందం గల పట్టెడను కోసి, పారతో మూడడుగుల ముక్కలుగా నరికేవారు. ఈ మట్టిపెళ్ళలను గడ్డివైపు కిందికి తిప్పి, రెండు మూడు వరుసలు పక్కపక్కన పేర్చి గోడ లేపేవారు. నడుమనడుమ ఒక వరుసను అడ్డంగా వేసి కట్టుగా బిగించేవారు. గోడ మందం రెండు మూడు అడుగులు ఉండేది. పదహారడుగులు ఇరవై అడుగుల ఇంటికి దాదాపు ఒక ఎకరం నేలను ఒలవవలసి వచ్చేది. తలుపు, కిటికీ మాత్రం కొని తెచ్చేవారు. పైకప్పుకు నడిమిదూలం, దానిపై దొరికిన వాసాలు, వాటిపై కంపలు, గడ్డి, అన్నిటిమీద మళ్ళీ మట్టిపెళ్ళలు. దీనికి హాస్యంగా నెబ్రాస్కా చలువరాయి అని పేరు పెట్టుకొన్నారు. బీదరికాన్ని వేళాకోళం చేసుకోగల శక్తి ఉన్నవారు ఎక్కడైనా బ్రతుకుతారనుకొంటాను.

మన రాయలసీమ మిద్దెలలో కాపురం ఉన్నవారికి మట్టికప్పు సుగుణాలు చెప్పనక్కరలేదు. ఎండాకాలం చల్లన, చలికాలం వెచ్చన. మైదానంలో గడ్డి అంటుకొని మంట మైళ్ళకొలది పరుగెత్తుకొనివచ్చినా గోడ కాలదు. గాలికి ఎగిరిపోదు. అయితే మన మిద్దె తక్కువ వాన ప్రాంతంలో, చవుడు మట్టి తొక్కించి, నీరు జారటానికి వాటం పెట్టి, తరాల అనుభవంతో కట్టినది. వారిది ఒక వేసవిలో నేర్చుకొన్న పని. వాన కురిస్తే కప్పు కారేది. బయట వాన వెలిసిన తరువాత కూడ లోపల రోజుల తరబడి బురదచుక్కలు రాలేవి. కూర గిన్నెలో మట్టి పడకుండా పైన పలుచని గుడ్డను చాందినీగా కట్టేవారు. ఎలుకలు, పురుగులు, ఒక్కొక్కప్పుడు పాములు గోడలలోనుండి వచ్చేవి. కట్టెలు లేవు గనుక వంటచెరకు పశువుల పేడ. ఇంటి ఇల్లాండ్రు మొదట ఏవగించుకొని, పిదప గంపలెత్తి మైదానంలో ఏరుపిడకలు ఏరుకొన్నారు. ఈ విషయంలో మాత్రం వారికి మనం చెప్పవలసినదే గాని వారివద్ద నేర్చుకోవలసినది లేదు.

అందరి ఇళ్ళూ ఒకే తీరు కాదు. కొందరు మొదటి సంవత్సరం గుట్ట వాలులో గుహవలె తొలిచి ముందు గోడ మాత్రం పెళ్ళలతో కట్టుకొనేవారు. మరొక కొసన, బ్రోకెన్ బోకు ఉత్తరాన ఇసిదోర్ ఓమాంట్ అనే బెల్జియం దేశస్థుడు 1884-85 ప్రాంతంలో ఇవే మట్టిపెళ్ళలతో రెండంతస్తుల భవనం లేపాడు. మూలలు గుండ్రంగా, తన దేశపు పాత కట్టడాలను తలపించే విధంగా తీర్చాడు. దానికి 500 డాలర్లు ఖర్చయినదని చెప్పుకొనేవారు. ఆ భవనం ఈనాడు లేదు.

లేని భవనం గుండ్రని మూలల సంగతి మనకెట్లా తెలిసినది? ఇక్కడ సాలమన్ బుచర్ అనే వ్యక్తి ప్రవేశిస్తాడు. ఇతడు 1880లో తండ్రితో కలిసి ఈ కౌంటీకి వచ్చి తానూ ఒక 160 ఎకరాల ముక్క కోరుకొన్నాడు. అయిదేండ్ల నిబంధన పాటించే ఓర్పు అతనికి లేకపోయినది. కొద్దికాలానికే ఆ భూమి వదలుకొన్నాడు. వైద్యం చదవబోయి దానినీ విడిచాడు. ఏ పనిలోను నిలకడలేనివాడని ఇరుగుపొరుగువారు అనుకొన్నారంటే తప్పులేదు. 1886లో అతనికి ఒక ఆలోచన కలిగినది. కళ్ళముందు జరుగుతున్న ఈ వలస చరిత్రను చిత్రాలతో సహా ఒక గ్రంథంగా కూర్చాలి. గుర్రపుబండిలో కెమెరా, గాజుపలకలు వేసుకొని ఇంటింటికి తిరిగాడు. 1892 వరకు సుమారు 1,500 చిత్రాలు తీశాడు. 1899లో అతని ఇల్లు కాలిపోయి, వ్రాతప్రతులు బూడిదైనవి. గాజుపలకలు వేరొకచోట ఉండటంచేత బ్రతికినవి. మళ్ళీ వ్రాసి, ఒక పశువుల యజమాని ధనసహాయంతో 1901లో కస్టర్ కౌంటీ చరిత్రను అచ్చువేయించాడు. మూడువేలకు పైబడిన అతని గాజుపలకలు తరువాత రాష్ట్ర చరిత్ర సంఘానికి చేరినవి. 1927లో మరణించేనాటికి అతడు ధనికుడు కాలేదు. తాను కౌంటీలో చేసిన సేద్యమల్లా ఇదే.

రేడియోలో ఛాయాచిత్రాన్ని చూపటం సాధ్యం కాదు. అయినా వాటిలో కొన్నింటిని మాటలతో చెప్పటం అవసరం, ఎందుకనగా ఈ ప్రజలను గూర్చి లెక్కలు చెప్పజాలని సంగతులు అవి చెపుతవి.

బుచర్ పద్ధతి ఏమంటే, కుటుంబాన్నంతటినీ ఇంటి ముందు నిలిపి, వారికి గల సొత్తు సమస్తాన్ని బయటికి తెప్పించి, అన్నిటినీ ఒకే చిత్రంలో ఇమిడ్చేవాడు. సార్జెంట్ అనే ఊరికి ఉత్తరాన రాడింగ్ కుటుంబం 1886లో తీయించుకొన్న చిత్రంలో ఇంటి ముందు బల్ల, బల్లపై కోసిన పుచ్చకాయ, పక్కన కంచరగాడిదల జత ఉన్నవి. ఇల్లు గుట్టను ఆనుకొని ఉండటంచేత వెనుక ఆవు ఒకటి సరిగా ఇంటి కప్పుమీద నిలబడినట్లు కనబడుతుంది. హిల్టన్ అనే ఇంటి ఇల్లాలు ఒక షరతు పెట్టినది. తమకు కాళ్ళతో తొక్కి వాయించే హార్మోనియం ఒకటి ఉన్నది. అది ఉన్నదని తూర్పున ఉన్న స్నేహితులకు తెలియాలి. కాని తాము మట్టి ఇంట్లో ఉంటున్నామని తెలియరాదు. కనుక ఆ బరువైన వాద్యాన్ని ఇంట్లోనుండి పశువుల దొడ్డిలోకి మోయించి, ఇల్లు కంటబడకుండా, ఆవుల నడుమ దానిచుట్టూ నిలబడి చిత్రం తీయించుకొన్నారు. ఆ తల్లి సిగ్గును చూచి నవ్వటం తేలిక. బంధువుల ముందు మన లేమిని దాచుకోవటానికి మనం చేసే యత్నాలు తలచుకొంటే నవ్వు నిలువదు.

మరొక చిత్రంలో క్రిస్మన్ వారి నలుగురు ఆడపిల్లలు మట్టి ఇంటిముందు జీనువేసిన గుర్రాలతో నిలబడి ఉన్నారు. హోమ్‌స్టెడ్ శాసనం అవివాహిత స్త్రీలకు కూడ భూమి హక్కు ఇచ్చినది. అది 1862 నాటి శాసనమని మరువరాదు. ఈ అక్కచెల్లెండ్రలో పెద్దామె 1887లోను, రెండవ ఆమె మరుసటి యేడు భూమికి దరఖాస్తు పెట్టారు. చిన్నవారు యుక్తవయస్సు కొరకు ఆగవలసి వచ్చినది. నివాస నిబంధన ఒంటరి ఆడదానికి కఠినమైనది గనుక, ఒకరి ఇంట ఒకరు వంతులవారీగా ఉండి దానిని నెరవేర్చుకొన్నారు.

అన్నిటికంటే నన్ను ఆపిన చిత్రం వెస్టర్‌విల్ సమీపంలో 1887లో తీసినది. జెర్రీ షోర్స్ అనే నల్లజాతి రైతు కుటుంబం మట్టి ఇంటి ముందు కూర్చుని ఉన్నది. ఈయన ఒకప్పటి బానిస. ఈయన పొలానికి దగ్గరలోనే ఈయన సోదరులు మోజెస్ స్పీస్, హెన్రీ వెబ్ అనేవారి పొలాలు ఉండేవి. సోదరులకు మూడు ఇంటిపేర్లేమిటి? బానిసలుగా ఉన్నప్పుడు ఒక్కొక్కరిని ఒక్కొక్క యజమాని కొనుక్కొన్నాడు. ఎవరి యజమాని పేరు వారికి ఇంటిపేరయినది. పేర్లు వేరుచేసిన ఆ సోదరులు నెబ్రాస్కా గడ్డిభూమిలో ఒకరి పక్క ఒకరు పట్టాలు కోరుకొని మళ్ళీ ఒకచోట చేరారు. 160 ఎకరాల శాసనం ఊళ్ళను పుట్టనీయలేదని పైన చెప్పాను. అదే శాసనం ఈ ముగ్గురికి ఒక ఊరంత పని చేసిపెట్టినది.

ఇక ఆ 160 అనే అంకె సంగతి. తూర్పున ఓహయో, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలలో, వానలు సమృద్ధిగా కురిసే చోట ఒక కుటుంబానికి 160 ఎకరాలు ఎక్కువే. కాని గ్రీనిచ్‌కు పశ్చిమంగా నూరవ రేఖాంశం కస్టర్ కౌంటీ పడమటి భాగం గుండా పోతుంది. ఏటికి ఇరవై అంగుళాల వాన కురిసే ప్రాంతానికి అది ఇంచుమించు పొలిమేర. దానికి పడమట కాలువ లేకుండా సేద్యం జూదమని జాన్ వెస్లీ పావెల్ అనే భూవిజ్ఞాని 1878లోనే ప్రభుత్వానికి నివేదిక సమర్పించాడు. అట్టి చోట పశువులను మేపుకొని బ్రతికే కుటుంబానికి 2,560 ఎకరాలు అవసరమని సూచించాడు. పదహారు రెట్లు! ఆ నివేదికను ఎవరు వినిపించుకొంటారు? అదే కాలంలో మరికొందరు పండితులు, భూమిని దున్నినకొద్దీ వానలు పెరుగుతవని ఒక సిద్ధాంతం లేవదీశారు. రైలు కంపెనీలకు, భూమి అమ్మకందారులకు ఆ సిద్ధాంతం తేనెవలె ఉన్నది. 1880 తరువాత కొన్నేండ్లు వానలు నిజంగానే బాగా కురియటంతో నమ్మకం బలపడినది. 1890లో వాన తప్పినది. 1894లో మళ్ళీ ఘోరంగా తప్పినది. బండ్లు వచ్చిన దారినే తూర్పుకు మళ్ళినవి. 1900 జనాభా లెక్కలలో కౌంటీ సంఖ్య 19,758కి దిగినది. అంకె చూస్తే రెండువేలు తగ్గినట్లే కనబడుతుంది. వెళ్ళినవారు ఎందరో, వారి స్థానంలో కొత్తగా వచ్చినవారు ఎందరో ఆ అంకె చెప్పదు.

ప్రభుత్వం 1904లో కింకెయిడ్ శాసనం చేసి నెబ్రాస్కా పశ్చిమోత్తర భాగంలో 640 ఎకరాలు కోరుకొనే వీలు కల్పించినది. నివేదిక వచ్చిన ఇరవైయారేండ్లకు నాలుగవవంతు దారి నడిచినదన్నమాట.

ఆపైన కొంతకాలం మంచి రోజులు. గోధుమకు, మొక్కజొన్నకు ధర పలికినది. రైలుమీద పలకలు చౌకగా దిగినవి. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ప్రతి కుటుంబమూ చేసిన మొదటి పని, తెల్లరంగు వేసిన కొయ్య ఇల్లు కట్టుకొనటం. మట్టి ఇల్లు కోళ్ళగూడుగానో, పశువుల కొట్టంగానో కొన్నాళ్ళుండి, కప్పు కూలి, వానకు కరిగి, తాను వచ్చిన నేలలో కలిసిపోయినది. రాతి ఇల్లు శిథిలమైతే రాళ్ళు మిగులుతవి. దీనికి మిట్టగా ఉన్న కొంచెం మట్టి తప్ప గుర్తు మిగలదు. మానం దక్కించుకోవటానికి ఎంత తొందరగా వదలుకొన్నారో, అంత తొందరగా ఆ నిర్మాణకళ కూడ మరుగునపడినది. 1910లో జనాభా 25,668. 1920లో, మొదట చెప్పినట్లు, 26,407. అదే శిఖరం.

దిగుదలకు కారణం ఒక్కటి కాదు. 1930 తరువాత ధరలు పడిపోయినవి, అనావృష్టి, దుమ్ముతుఫానులు వచ్చినవి, 1940కి 22,591. కాని వానలు తిరిగి వచ్చిన తరువాత కూడ జనం తిరిగి రాలేదు. ట్రాక్టరు వచ్చినది గనుక. గుర్రాలతో 160 ఎకరాలు దున్నిన మనిషి ట్రాక్టరుతో అంతకు ఎన్నో రెట్లు దున్నగలడు. దున్నగలడు గనుక పక్క పొలం కొంటాడు. పొలం కావాలి, దానిలోని ఇల్లు అక్కరలేదు. ఈ విధంగా ఒక్కొక్క ఇల్లు దీపం ఆరినది. ఇంటి పిల్లలు లేకపోతే పాఠశాల మూతపడుతుంది. పాఠశాల లేకపోతే మరొక పడుచు కుటుంబం అక్కడ నిలువదు. కొనేవారు లేక అంగడి, ఉత్తరాలు లేక తపాలా కార్యాలయం. 1960లో 16,517. 1980లో 13,877. 2000లో 11,793. పావెల్ చెప్పిన లెక్కకు కౌంటీ తనంత తానుగా, ఒక శతాబ్దం ఆలస్యంగా చేరుకొంటున్నదని నాకు తోస్తుంది. చట్టం ముందే ఆ లెక్క పాటించి ఉంటే ఇంతమంది వచ్చి ఉండేవారు కారు. వచ్చి, అప్పులపాలై, వెనుదిరిగి ఉండేవారూ కారు. అయితే షోర్స్ సోదరులకు, క్రిస్మన్ అక్కచెల్లెండ్రకు భూమి దొరికి ఉండేదా అన్నది వేరు ప్రశ్న. 2,560 ఎకరాలను పెట్టుబడి లేని చేతులలో పెట్టే ప్రభుత్వం ఏదీ నాకు తెలియదు.

ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో మరొక యంత్రం వచ్చినది. భూగర్భ జలాన్ని తోడి, పొలం నడుమ ఒక ఇరుసు చుట్టూ, పొడవైన గొట్టం చక్రాలమీద గడియారపు ముల్లువలె తిరుగుతూ నీరు చిమ్మే ఏర్పాటు అది. విమానంలో పోయేవారికి పైనుండి ఆ ప్రాంతమంతా పచ్చని వృత్తాలుగా కనబడుతుంది. ఒక్కొక్క వృత్తం ఇమిడే చతురస్రం ఆ పాత 160 ఎకరాల ముక్కే. వృత్తంలో పడేది సుమారు 130 ఎకరాలు, మిగిలినది నాలుగు మూలలు. తిరిగే గొట్టానికి దారిలో ఇల్లు గాని, చెట్టు గాని అడ్డం ఉండరాదు. ఎవరి నివాసం కొరకు ఆ గీతలు గీశారో ఆ నివాసాలకు ఇక ఆ గీతల లోపల చోటు లేదు.

చిన్న గుణకారం ఒకటి చేసి చూడవచ్చు. 2,576 చదరపు మైళ్ళలో 160 ఎకరాల ముక్కలు పదివేల మూడువందలకు పైన ఉంటవి. నేటి జనాభా 10,545. ముక్కకు ఒక కుటుంబమని శాసనం తలచినది. ముక్కకు ఒక మనిషి లెక్కన మిగిలారు. వారిలోనూ మూడింట ఒకవంతు బ్రోకెన్ బో పట్టణంలోనే ఉన్నారు.

మట్టి ఇళ్ళలో ఒకటి మాత్రం ఇంకా నిలిచి ఉన్నది. కామ్‌స్టాక్ అనే ఊరికి చేరువలో విలియం డౌస్ అనే రైతు 1900లో కట్టుకొన్నది. చాలామంది కొయ్య ఇళ్ళకు మారుతున్న కాలంలో కట్టినది గనుక పనివాడితనం ముదిరిన ఇల్లు అది. 1959 వరకు అందులో కాపురం సాగినది. తరువాత పాడుబడి, మళ్ళీ బాగుచేయబడి, ఈనాడు చూడవచ్చినవారికి ప్రదర్శనశాలగా ఉన్నది.

బుచర్ గాజుపలకలను ఇటీవలి కాలంలో కంప్యూటరు యంత్రాలతో అతిసూక్ష్మంగా చిత్రించి భద్రపరిచారు. కాగితంపై అచ్చువేసినప్పుడు ఆ ఇళ్ళ గుమ్మాలు, కిటికీలు నల్లని చీకటిగానే కనబడేవి. ఎండలో నిలిచిన మనుషులకు తగినట్లు తీసిన చిత్రం గనుక లోపలిది కాగితానికి అందలేదు. గాజుకు మాత్రం అందినది. యంత్రం సహాయంతో ఆ చీకటిని పలుచన చేయగా, తెరిచిన తలుపుల వెనుక నూటముప్పై ఏండ్లకు పైగా ఎవరి కంటా పడని ఇంటి సామాను బయటపడినది.